నేను చెరిపేసిన తొమ్మిది గళ్ళు

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను గీసిన వాటి గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. చెరిపిన దాని గురించి మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. టీ కొట్టు దగ్గర కనిపించినా అదే ప్రశ్న, పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నా అదే ప్రశ్న. ఒకసారి మొత్తం రాసి పెడితే నాకు నోటి శ్రమ తగ్గుతుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకు ఇందులో ఏదో ఒక ముక్క పనికిరావచ్చు కూడా.

నేను ఖరగ్‌పూర్‌లో రైల్వే డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరి నుంచి ఇక్కడికొచ్చి రైల్వేలో బరువులు మోసే కలాసీగా చేరాడు. మా నాన్న ఫిట్టరు. ఇంట్లో చేతులకు గ్రీజు అంటకుండా జీతం తెచ్చిన మొదటివాణ్ణి నేనే. మా అమ్మ దాన్ని పెద్ద గొప్పగా మా పూరీ గేట్ పేటంతా చెప్పుకుంది. నా చేతులకు ఇంకు అంటేది, అది లెక్కలోకి రాలేదు.

మా పని గురించి రెండే రెండు సంగతులు చెబుతాను. ఈ కథకు అవి చాలు. మొదటిది: ముందు పెన్సిల్‌తో గీస్తాం, దాని మీద ఇంకుతో గీస్తాం, ఇంకు ఆరాక పెన్సిల్ గీతలన్నీ తుడిచేస్తాం. ఇంకు కింద పెన్సిల్ గీత ఒక్కటి మిగిలినా ఆ కాగితం పూర్తయినట్టు కాదు. నేను చేరిన కొత్తలో ఉన్న పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ కాగితాన్ని కిటికీకి ఎత్తి పట్టి చూసేవాడు, పెన్సిల్ మరక కనబడితే దాన్ని నా బల్ల మీదికి విసిరేసేవాడు. అందరి ముందూ. కాబట్టి పెన్సిల్ గీత చూస్తే రబ్బరు కోసం నా చెయ్యి దానంతటదే సొరుగులోకి పోతుంది. రెండోది: పాత డ్రాయింగు దేన్నయినా సరే, బాగుచేయడానికి ముట్టుకునే ముందు దాని మీద పల్చటి కాగితం వేసి ఉన్నదున్నట్టు ఒక నకలు తీసి పెట్టుకోవాలి. దాన్ని ట్రేసింగ్ అంటారు. తర్వాత ఏ పొరపాటు జరిగినా మొదట ఎలా ఉండేదో ఆ నకలు చెబుతుంది.

ఈ రెండో పని మా ఆఫీసులో ఒక దీదీ చేసేది. మా ఆఖరి ట్రేసర్ ఆవిడ. బెంగాలీ మనిషి, కానీ పుట్టిందీ పెరిగిందీ తెలుగువాళ్ళ మధ్య రైల్వే క్వార్టర్లలో. అందుకని ఆవిడ మాట్లాడే తెలుగు మా మేనత్త మాట్లాడే తెలుగే. వయసులో నాకన్నా రెండు నెలలు చిన్నే, అధికారంలో మాత్రం ఇరవై ఏళ్ళు పెద్ద. కంప్యూటర్లు వచ్చి ట్రేసింగ్ పోయింది. ఆవిడ్ని తీసుకెళ్ళి కీబోర్డు ముందు కూర్చోబెట్టారు. ఆవిడ మాత్రం తన పెన్నులన్నీ పాత చీర ముక్కలో చుట్టి సొరుగులో ఉంచుకునేది, సోమవారం సోమవారం తీసి తుడిచి మళ్ళీ చుట్టేది. మేమిద్దరం ముప్పై ఏళ్ళు పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నాం.

నా రిటైర్మెంట్‌కి ఐదు నెలలుందనగా ఒక సోమవారం ఇద్దరు కలాసీలు ఒక పెద్ద ఫ్రేము మోసుకొచ్చారు. అధికారుల పాత క్లబ్బు భవనం మరమ్మతు చేస్తుంటే ఒక గదిలో దొరికిందట. అద్దం మూలనుంచి మూలకి పగిలి ఉంది. వెనకే మా పెద్దసారు వచ్చాడు.

"దాదా, శుక్రవారం ఇన్‌స్పెక్షన్. కాన్ఫరెన్స్ హాల్లో గోడ బోసిగా ఉంది. దీన్ని సాఫ్ చేసి, కొత్త అద్దం వేయించి తగిలించెయ్," అన్నాడు హిందీలో. పెద్దసారు మంచివాడే. కాకపోతే ఆయనకు ప్రపంచంలో ఏ పని చెప్పినా శుక్రవారానికే కావాలి.

నేను గాజు ముక్కలు తీసి చూశాను. సముద్రం. గోధుమ రంగు ఇంకు గీతలు, వాటి మీద నీళ్ళు కలిపిన అదే రంగు నీడలు. మధ్యలో పెద్ద ఆల్చిప్పలాంటి రథం, అందులో గడ్డం ఎగురుతున్న ఒక దేవుడు, చేతిలో మూడు మొనల బల్లెం. రథానికి రెండు గుర్రాలు కట్టి ఉన్నాయి. ముందు కాళ్ళు నీళ్ళను తన్నుతున్నాయి, వెనక సగం మాత్రం చేప. చుట్టూ నడుము దాకా మునిగిన మనుషులు శంఖాలు ఊదుతున్నారు. ఒక పక్కన ఒకావిడ పెద్ద చేప మీద ఒరిగి కూర్చుంది, పైబట్ట గాలికి తెరచాపలా లేచింది. అలల కోసం పెద్దగా గీసిందేమీ లేదు. నాలుగైదు వంకర గీతలు, మధ్యలో ఖాళీ కాగితం. ఆ ఖాళీలోనే నీళ్ళు కదులుతున్నట్టున్నాయి. నేను జీవితమంతా బోల్టులూ ఇరుసులూ గీసినవాణ్ణి. ఆ ఖాళీ చూసి నాకు నిజంగా అసూయ కలిగింది.

ఏదో కాగితం కోసం వచ్చిన వర్క్‌షాపు ఫిట్టరు ఒకడు తొంగి చూశాడు.

"ఏటి బావూ ఇది? గుర్రానికి సేప తోక ఎట్టినారేటి? సూడు, ఎనక కాళ్ళే నేవు. ఇది నీల్లలో ఈదతాదా, గట్టు మీద పరిగెడతాదా?"

"మా గంగమ్మ మకరం మీద కూకోదేటి?" అంది దీదీ కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "అది మాత్రం సగం ఏనుగు, సగం సేప కాదా? ఇది ఆల్ల దేశం సంగతి. నువ్వెల్లి నీ బోల్టులు సూసుకో."

తర్వాత ఆవిడ భూతద్దం పట్టుకుని ఆ కాగితం మీద పది నిమిషాలు వంగిపోయింది. లేచాక ఒకటే మాట అంది.

"తమ్ముడూ, ముట్టుకునే ముందు ట్రేసింగ్ తియ్యి. మరిసిపోకు."

"తీస్తాన్లే దీదీ," అన్నాను.

ఆ మధ్యాహ్నమే ఆవిడ మేదినీపూర్‌లో చెల్లెలి కూతురి పెళ్ళికని వారం రోజులు సెలవు మీద వెళ్ళింది.

బుధవారం నేను పని మొదలుపెట్టాను. ట్రేసింగ్ తీయాలంటే ఒక రోజంతా పడుతుంది. నాకు ఉన్నవి రెండు రోజులు. ఎవరడుగుతారులే అనుకున్నాను. ఉద్యోగంలో నేను అనుకున్న మాటలన్నిటిలోకీ అది చెత్త మాట. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోలేదా అని మీరు అడుగుతారు, తెలుసు. తీశాను. దుమ్ము పడకుండా ఒక గాజు పలక కప్పి మరీ తీశాను. అందులో ఎడమ కింది మూలంతా పైన ట్యూబులైటు వెలుగు, దాని పక్కన నా బట్టతల. ఇప్పటికీ ఫోన్‌లో ఉంది, కావాలంటే చూపిస్తాను.

బొమ్మ నిండా సన్నటి నల్ల గీతలు ఉన్నాయి. నిలువూ అడ్డం, సమానమైన గళ్ళు. దేవుడి గడ్డం మీదుగా, గుర్రాల మెడల మీదుగా, ఆవిడ భుజం మీదుగా పోయాయి. నా కంటికి అవి ఇంకు ఆరాక ఎవరో తుడవడం మర్చిపోయిన గీతలు. ఇంత అందమైన పని చేసి చివర్లో ఇంత బద్ధకమా అని ఆ గీసినవాడి మీద కోపం కూడా వచ్చింది. చెయ్యి సొరుగులోకి పోయింది. ఎడమ కింది మూల నుంచి మొదలుపెట్టాను. తెల్ల రబ్బరు, తేలిక చెయ్యి, మధ్యమధ్య మెత్తటి కుంచెతో దులపడం. బొగ్గులాంటి గీతలేమో, చక్కగా పోతున్నాయి. ఒక వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు, మొత్తం తొమ్మిది గళ్ళు పోయాయి. రథచక్రమూ గుర్రం తోకా తేటగా బయటపడ్డాయి. మా పాత పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ బతికుంటే పిలిచి చూపించేవాణ్ణి అనుకున్నాను.

రబ్బరు పొడి ఊదడానికి వంగాను. అప్పుడు కనబడ్డాయి. కాగితం కింది అంచున, బొమ్మ గీసిన అదే గోధుమ రంగు ఇంకుతో, చీమ తలంత అంకెలు. ఒక్కో నిలువు గీతకు ఒక్కటి. ఒకటి, రెండు, మూడు, అలా కుడి చివరి దాకా. పక్క అంచు చూశాను. అక్కడా ఉన్నాయి.

రబ్బరు చేతిలోనే ఉంది. దాన్ని సొరుగులోకి విసిరేశాను.

ఎందుకో చెబుతాను. చిన్న బొమ్మను పెద్ద గోడ మీదికి ఎక్కించాలంటే బొమ్మ మీద గళ్ళు కొట్టి, గోడ మీద అన్నే పెద్ద గళ్ళు కొట్టి, గడికి గడి చూసి గీస్తారు. తప్పిపోకుండా అంచున అంకెలు వేసుకుంటారు. నాకు ఎలా తెలుసంటే, వయసులో ఉన్నప్పుడు మా తెలుగువాళ్ళ నాటకాలకు తెరల మీద కోట బురుజులు నేనే అలా పెంచి గీశాను. అంటే అవి మర్చిపోయిన గీతలు కావు. ఇది గోడకు తగిలించుకుని మురిసిపోయే బొమ్మగా పుట్టనే లేదు. దీన్ని ముందు పెట్టుకుని ఎవరో ఎక్కడో ఒక పెద్ద గోడ మీద పని చేశారు. నేను గీసిన బోల్టుల కాగితాన్ని షాపులో ఫిట్టరు ముందు పెట్టుకున్నట్టే. ఆ బొమ్మలో నాకు అర్థం కానివి ఎన్నో ఉన్నాయి, ఆ దేవుడు, ఆ గుర్రాలు, ఆ శంఖాలు. వాటినన్నిటినీ భద్రంగా ఉంచి, అందులో నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతిని, నాలాంటి ఒక పనివాడి చేతి గుర్తుని, నేనే తుడిచేశాను. ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడిస్తే బాగుండదని బాత్‌రూమ్‌కి వెళ్ళాను.

శుక్రవారం పెద్దసారుకు బొమ్మ ఇవ్వలేదు. "కాగితం పాతది సార్, తగిలిస్తే పాడవుతుంది," అన్నాను. ఆయన విసుక్కుని, ఎక్కడిదో పాత ఆవిరి ఇంజను ఫోటో తగిలించాడు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన దాని ముందు నిలబడి ఫోటో దిగాడు. అలా ఆ గండం గడిచింది.

తర్వాతి సోమవారం దీదీ వచ్చింది. బ్యాగు బల్ల మీద పెట్టకముందే అడిగింది.

"ట్రేసింగ్ తీసినావా?"

"తీసినాను దీదీ."

"ఏదీ?"

"ఇంటికాడ ఉన్నాది. రేపు తెస్తాను."

ఆ రేపు రాలేదు. ఆవిడ రెండోసారి అడగలేదు. నేను అబద్ధం ఆడతానని ఆవిడకు తట్టి ఉండదు.

ఆ రోజుల్లో ఊరి పక్కనే హిజ్లీలోని విద్యాసంస్థ నుంచి ఒక ప్రొఫెసరమ్మ ప్రతి మంగళవారం మా ఆఫీసుకు వచ్చేది. వరంగల్ వైపు మనిషి. పాత ఇంజన్ల డ్రాయింగులు ఫోటోలు తీసి భద్రపరిచే పని పెట్టుకుంది. సైకిల్ మీద కెమెరా, ఒక దీపం వేసుకుని వచ్చేది. ఒక మంగళవారం నా అల్మారాలో బట్ట కప్పి ఉన్న ఈ కాగితం ఆమె కంట్లో పడింది. దీపాన్ని బల్ల మీద పడుకోబెట్టినట్టుగా పక్కనుంచి వెలుగు వేసింది. కాగితంలోని నేత, గీత గీతకూ పడిన నొక్కు, అన్నీ లేచి కనబడ్డాయి.

"సార్, ఇది ప్రింటు కాదు. చేత్తోటి గీసింది. మస్తు పాతది అనిపిస్తుంది నాకు," అంది. "ఎవరికైనా చూపించిన్రా?"

లేదన్నాను. ఎడమ కింది మూల మీద నా మోచెయ్యి పెట్టుకుని మరీ అన్నాను.

ఆమె కలకత్తాలో తనకు తెలిసిన ఒక పెద్దాయనకు ఫోన్ చేసింది. పాత కాగితాలు బాగుచేయడంలో, కాలం తేల్చడంలో ఆయన మాట చెల్లుతుందట. ఈలోగా క్లబ్బు సామాన్ల మీద కమిటీ వేశారు. పనికొచ్చేవి ఉంచాలి, మిగతావి కండెమ్, అంటే పనికిరావు, అని రాసి తుక్కులోకి పంపాలి. ఆ జాబితాలో మా సముద్రం విరిగిన కుర్చీలకూ బిలియర్డ్స్ కర్రల స్టాండుకూ మధ్యలో ఉంది. కలకత్తా పెద్దాయన కాగితం మీద ఒక్క ముక్క రాసిస్తే దాన్ని ఉంచుతారు. రాయకపోతే కుర్చీలతో పాటే పోతుంది.

ఆయన ఒక గురువారం పొద్దున్న రైల్లో వచ్చాడు. బక్కపల్చటి మనిషి, ధోవతి, చెవిలో మిషను, సంచీలో నాలుగు రకాల భూతద్దాలు. కాన్ఫరెన్స్ హాల్లో బల్ల మీద కాగితం పరిచాం. పెద్దసారు, ప్రొఫెసరమ్మ, దీదీ, నేను. రెండు గంటలు ఆయన ఒక భూతద్దం తర్వాత ఒకటి మారుస్తూ చూశాడు. ఆవిరి ఇంజను ఫోటో మమ్మల్ని పైనుంచి చూస్తోంది. నేను మంచినీళ్ళు మూడుసార్లు తాగాను.

చివరికి ఆయన నిటారుగా కూర్చుని బెంగాలీలో మొదలుపెట్టాడు.

"కాగితం పాతదే. ఇంకు పాత రకమే. చెయ్యి చాలా మంచి చెయ్యి. యూరపులో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి కాలాన్ని బరోక్ అంటారే, ఆ పద్ధతి. వచ్చిన మొదటి గంట నేను చాలా సంతోషపడ్డాను." ఆగి, వేలు ఎడమ కింది మూల మీదికి తెచ్చాడు. "ఇదిగో, ఇక్కడ నా సంతోషం పోయింది. గోడకు ఎక్కించడానికి గళ్ళు కొట్టినవాడు మొత్తం కొడతాడు. రథచక్రం, గుర్రం తోక ఉన్న మూలను వదిలేస్తాడా? పైగా అంచున అంకెలు ఉన్నాయి, లోపల గీతలు లేవు. అంటే ఏమిటి? ఎవడో తర్వాతి కాలంవాడు అసలు కాగితం ముందు పెట్టుకుని, పాత కాగితం ఒకటి సంపాదించి, బొమ్మతో పాటు అంకెలూ గళ్ళూ కూడా నకలు చేశాడు. చివర్లో విసుగొచ్చి తొమ్మిది గళ్ళు ఎగ్గొట్టాడు. మంచి నకలు. నకలే."

ఆయన పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు. పెద్దసారు "ఠీక్ హై" అని జాబితా ముందుకు లాక్కున్నాడు. ప్రొఫెసరమ్మ ముఖం వాడిపోయింది. ట్రేసింగ్ తెచ్చి చూపిస్తానని దీదీ నా వైపే చూస్తోంది.

ఆ రెండు నిమిషాల్లో నాకు ఏమేం తోచాయో దాచకుండా చెబుతాను. నాలుగు నెలల్లో రిటైర్మెంట్. రైల్వే సొత్తు పాడుచేశానని ఛార్జిషీటు ఇస్తే ఏమవుతుంది? అసలు నేను నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? దీదీకి అనుమానం రావచ్చు, మిగతా ఎవరికీ తెలియదు. అదే నన్ను భయపెట్టింది. ఆ గీసినవాడు ఎవడో, ఏ దేశంవాడో, ఎప్పుడు పోయాడో తెలియదు. వాడు ఒక్క గడి కూడా ఎగ్గొట్టలేదు. వాణ్ణి బద్ధకస్తుడని మొదట నేననుకున్నాను. ఇప్పుడు నా మూలంగా ఒక పెద్దమనిషి అదే మాట కాగితం మీద రాస్తున్నాడు, దానికి శిక్షగా వాడి సముద్రం తుక్కులోకి పోతోంది.

లేచి నిలబడ్డాను. కుర్చీ కీచుమంది.

"ఆ గళ్ళు ఉండేవి," అన్నాను బెంగాలీలో. "నేను చెరిపేశాను."

"క్యా?" అన్నాడు పెద్దసారు.

కలకత్తా ఆయన చెవి మిషను సరిచేసుకున్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. రెండోసారి మొదటిసారి కన్నా కష్టంగా ఉంది.

"ఎప్పుడు? దేంతో?"

పరిగెత్తుకెళ్ళి సొరుగులోంచి రబ్బరు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని వాసన చూశాడు. ప్రొఫెసరమ్మను దీపం అడిగి, మూల మీద పక్కనుంచి వెలుగు వేయించుకుని అన్నిటికన్నా పెద్ద భూతద్దంతో వంగాడు. చాలాసేపటికి సన్న కుంచెతో ఒక నొక్కులోంచి ఏదో తీసి నల్ల కాగితం మీద రాల్చాడు. మూడు తెల్ల పొడి రేణువులు. నా రబ్బరువే. మళ్ళీ వంగాడు.

"ఉన్నాయి," అన్నాడు, ఈసారి గొంతు మారింది. "కాగితం గుంటల్లో నల్ల చుక్కలు మిగిలాయి. వరుసగా ఉన్నాయి. ఉన్నాయి, గళ్ళు ఉన్నాయి!"

ఆ తర్వాత ఆయన నన్ను ఐదు నిమిషాలు తిట్టాడు. బెంగాలీలో అన్ని తిట్లున్నాయని నాకప్పటిదాకా తెలియదు. గాడిద అన్నాడు, కసాయి అన్నాడు, నీ చేతులు విరగ్గొట్టాలన్నాడు. నేను తల ఊపుతూ విన్నాను. నిజం చెబితే ప్రతి తిట్టుకూ గుండె మీద బరువు కొంత దిగుతోంది. తిట్టడం అయిపోయాక తను రాసిన కాగితం చించేసి, నా చేతికి తెల్ల కాగితం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రాయి. ఏ రబ్బరు, ఏ మూల నుంచి, ఎంత ఒత్తి, ఎన్నిసార్లు. గీత నలుపు ఎంత, మందం ఎంత. అన్నీ. నలభై ఏళ్ళుగా పాడైన కాగితాలు నా దగ్గరికి వస్తున్నాయి. పాడుచేసినవాడు ఒక్కడూ ఇంతవరకు రాలేదు. నువ్వే మొదటివాడివి."

మూడు పేజీలు రాశాను. అవి ఇప్పుడు ఆ బొమ్మతో పాటే కలకత్తాలో ఒక చల్లటి గదిలో ఉన్నాయి. బరోక్ కాలపు పని కాగితం, గీసిన చెయ్యి ఎవరిదో తెలియదు, ఇంకా పరిశీలించాలి, పారేయకూడదు అని ఆయన రాసిచ్చాడు. చెరిపిన గళ్ళు నేను మళ్ళీ గీసిస్తానని అడిగాను, నా చెయ్యి ఇంకా బాగుందని కూడా చెప్పుకున్నాను. మళ్ళీ తిట్టాడు.

పెద్దసారు నాకు ఒక మందలింపు కాగితం ఇచ్చాడు. అది ఇస్తున్నప్పుడు నెమ్మదిగా, "దాదా, నేనైతే చెప్పేవాణ్ణి కాదేమో," అన్నాడు. ఆయన్ని అంతకుముందు శుక్రవారాల మనిషి అన్నాను కదా, కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక దీదీ. హాల్లోంచి బయటికొచ్చాక నడవలో నా దారికి అడ్డంగా నిలబడింది.

"సెరిపినందుకు కాదు," అంది. కళ్ళనిండా నీళ్ళు. "సెరిపితే సెరిపినావు, మనిసివి. తీసినానని సెప్పినావు సూడు. ముప్పై ఏల్లు నా పక్కన కూకుని, నా మొకం సూసి సెప్పినావు."

అంతే. ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది. పక్క బల్లే. ఫైలు కావాలంటే ప్యూన్‌తో అడిగించేది. నా రిటైర్మెంట్ సభలో అందరితో పాటు వచ్చి దండ వేసింది, స్వీటు తినిపించింది, పెదవి విప్పలేదు. ఆ తర్వాత రెండు నెలలకు ఆవిడ కూడా రిటైరై ఇంటికి చేరిపోయింది. ఉద్యోగం పోయిందన్న దిగులు నాకు లేదు. ఈ మౌనం మాత్రం సాయంత్రం నడకలో కూడా నా పక్కనే నడిచేది. మా ఆవిడ, "ఎల్లి కాల్లట్టుకో, పోయిందేటి?" అంది. రెండుసార్లు వాళ్ళ గేటు దాకా వెళ్ళి వచ్చేశాను.

రిటైరయిన నాలుగు నెలలకు ప్రొఫెసరమ్మ ఫోన్ చేసింది. ఆ బొమ్మ గురించి పిల్లలకు ఒక క్లాసు పెట్టాను, మీరు రావాలి సార్ అంది. వెళ్ళాను. హిజ్లీలో ఆ హాలు చేరేసరికి వెనక బెంచీలో దీదీ కూర్చుని ఉంది. ప్రొఫెసరమ్మ ఆవిడ్ని కూడా పిలిచిందని నాకు చెప్పలేదు. నేను ముందు బెంచీలో కూర్చున్నాను, తల తిప్పలేదు.

తెర మీద సముద్రం వచ్చింది. గోడంత. గుర్రాల ముందు కాళ్ళు నా ఎత్తున్నాయి. అది పుట్టింది అంత పెద్దగా అవడానికే కదా అనుకుంటే ఒళ్ళు జలదరించింది. ప్రొఫెసరమ్మ గళ్ళ సంగతి వివరించి, ఖాళీ మూల చూపించింది. మన విజయనగరం వైపు పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

"మేడమ్, ఎవరా తెలివితక్కువ మనిషి?"

నేను చెయ్యెత్తాను. హాలంతా నవ్వింది. ఆ పిల్ల నాలుక కరుచుకుంది. నేనూ నవ్వాను, నవ్వు రావడం నాకే ఆశ్చర్యం అనిపించింది.

"చెరపకముందు ఆ మూల ఎట్లుండేదో దగ్గర్నుంచి చూసినోళ్ళు ఇద్దరే," అంది ప్రొఫెసరమ్మ. "ఆ ఇద్దరూ ఈ హాల్లోనే ఉన్నరు. సార్, బోర్డు మీద గీసి చూపిస్తరా? ఫోటో తీసి కలకత్తాకు పంపుతం, ఫైల్లో పెడతరు."

నల్లబోర్డు దగ్గరికి వెళ్ళాను. చాక్‌పీసు తీసుకుని, స్కేలు లేకుండా, ముప్పై నాలుగేళ్ళ చేత్తో గీశాను. నాలుగు నిలువు, నాలుగు అడ్డం. తొమ్మిది గళ్ళు. ఒక్క గీత వంకర లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక్కి జరిగి చూసుకుంటున్నాను.

"అలగ నేదు."

హాలంతా వెనక్కి తిరిగింది. దీదీ లేచి నిలబడి ఉంది.

"ఆ కింద నుంచి రెండో గీత అంత నేరుగ నేదు తమ్ముడూ. గుర్రం తోక కాడికొచ్చేతలికి ఆ మనిసి సెయ్యి ఒణికింది. కొద్దిగ దిగి మల్లీ ఎక్కింది. నాను సూసినాను."

పది నిమిషాలు చూసిందంతే, తొమ్మిది నెలల కిందట. దానిమీద రోజంతా రబ్బరు పట్టుకు కూర్చున్న నాకు ఆ వణుకు కనబడనే లేదు.

"సెరపమంటావా దీదీ?" అని అడిగాను.

"సెరుపు," అంది, మెట్లు దిగి వస్తూ. "ఆ ఒక్కటే సెరుపు. మిగతావి ముట్టుకోకు."

డస్టరు తీసుకుని ఆ ఒక్కటే చెరిపాను. ఆవిడ చెంగు నడుముకి దోపుకుని, నా చేతిలోంచి చాక్‌పీసు తీసుకుని, ఊపిరి బిగబట్టి గీయడం మొదలుపెట్టింది. తోక దగ్గరికి వచ్చేసరికి గీత కొద్దిగా దిగింది, మళ్ళీ ఎక్కింది.